పేరు ఎయిట్ హండ్రెడే, ఇంజన్లు మూడు

కడప నుంచి రాయచోటి వైపు వెళ్లేవాళ్లకు గువ్వలచెరువు ఘాట్ పరిచయమే. ఘాట్ ఎక్కి ఊళ్లోకి రాగానే పాలకోవా అంగళ్ల ముందు బండ్లు ఆగుతాయి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఆ దారిలో ఆగిన కార్లన్నీ కోవా కోసమే ఆగినవి కావు. ఎక్కడో ఒకచోట బానెట్ ఎత్తి ఉంటుంది. పక్కన ఓనర్ తడిగుడ్డ, నీళ్ల బాటిల్ పట్టుకుని రేడియేటర్ మూత ఎప్పుడు చల్లబడుతుందా అని చూస్తుంటాడు. బండి పాత మారుతి ఎయిట్ హండ్రెడో, జెన్నో, మొదటి తరం శాంత్రోనో అయి ఉంటుంది. ఆగిన ప్రతివాడూ ఒకే మాట చెప్పి పోతాడు: "పాతదైపోయిందిలే అన్నా, ఇచ్చేయ్."

పాతదైన మాట నిజం. అయితే కేవలం వయసు వల్ల ఇంజన్ వేడెక్కదు. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో ఇరవై ఏళ్లు దాటిన చిన్న పెట్రోల్ కార్లు చాలానే ఇప్పటికీ పెళ్లిళ్లకూ సంతలకూ తిరుగుతున్నాయి. వాటిలో ఏది నడుస్తుంది, ఏది ఘాట్‌లో కూర్చుంటుంది అన్నది ఎక్కువగా రెండు విషయాల మీద ఉంటుంది. బానెట్ కింద ఉన్న ఇంజన్ ఏదో ఓనర్‌కూ మెకానిక్‌కూ కచ్చితంగా తెలుసా? దాని రేడియేటర్‌లో ఇన్నేళ్లూ ఏ నీళ్లు పోశారు? మామూలుగా అందరూ అడిగేది ఆయిల్ గురించి. ఈ సీమలో ముందు అడగాల్సింది నీళ్ల గురించి. దానికన్నా ముందు ఇంజన్ నంబరు గురించి.

పేరు చూసి సామాను కొంటే

స్పేర్ పార్ట్స్ అంగడికి వెళ్లి "ఎయిట్ హండ్రెడ్‌కు హెడ్ గ్యాస్కెట్ ఇవ్వు" అంటే అనుభవమున్న అంగడివాడు వెంటనే తీసివ్వడు. "కార్బొరేటరా, ఎంపీఎఫ్ఐనా? ఆరు వాల్వులా, పన్నెండా?" అని ఎదురు అడుగుతాడు. హెడ్ గ్యాస్కెట్ అంటే ఇంజన్ బ్లాకుకూ పైన కూర్చునే హెడ్‌కూ మధ్య ఉండే పొర. కార్బొరేటర్ గాలిలో పెట్రోల్ కలిపి పంపే పాతకాలం పరికరం, ఎంపీఎఫ్ఐ కంప్యూటర్ లెక్కతో ఒక్కో సిలిండర్‌కు పెట్రోల్ చిమ్మే పద్ధతి. ఆ ప్రశ్నకు జవాబు లేకుండా తెచ్చిన సామానుతోనే సగం రిపేర్లు చెడతాయి.

మారుతి ఎయిట్ హండ్రెడ్ మొదటి కారు తాళాలు 1983 డిసెంబర్ 14న ఢిల్లీలో ఇందిరా గాంధీ చేతుల మీదుగా ఇచ్చారు. 1986లో బాడీ మారింది. 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. ముప్పై ఏళ్లు ఒకే పేరు. 796 సీసీ అన్న అంకె కూడా మారలేదు. ఇంజన్ మాత్రం మారింది. చాలాకాలం వచ్చినది ఎఫ్8బి. మూడు సిలిండర్లు, సిలిండర్‌కు రెండేసి చొప్పున ఆరు వాల్వులు, పైన కార్బొరేటర్. 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు బిగుసుకున్నప్పుడు అదే ఆరు వాల్వుల ఇంజన్‌కు ఎంపీఎఫ్ఐ పెట్టారు. ఐదు గేర్ల మోడల్‌లోనేమో ఆల్టోలో వాడిన ఎఫ్8డి వచ్చింది. అది కూడా 796 సీసీనే, కానీ వాల్వులు పన్నెండు. అంటే వెనక డిక్కీ మీద ఒకే బ్యాడ్జి ఉన్న మూడు కార్లకు మూడు రకాల హెడ్ సామాను కావాలి.

ఆల్టోలోనూ ఇదే తిరకాసు. మామూలు ఆల్టోలో ఎఫ్8డి ఉంటే, కొన్ని వీఎక్స్ మోడళ్లలో 1061 సీసీ ఎఫ్10డి ఉంది. పాత వ్యాగన్ఆర్‌లో ఉన్నదీ అదే. ఈ రెంటికీ ఉన్న చుట్టరికం కాగితం మీద లెక్క వేసినా తెలుస్తుంది. 796ను మూడుతో భాగించి నాలుగుతో గుణిస్తే 1061 వస్తుంది. సిలిండర్ వెడల్పు, అంటే బోరు, 68.5 మిల్లీమీటర్లు; పిస్టన్ కదిలే దూరం, అంటే స్ట్రోకు, 72. రెండింటిలోనూ అంతే. ఒక సిలిండర్ ఎక్కువ, అంతే తేడా. 1993లో వచ్చిన జెన్ ఇంజన్ మాత్రం వేరే వంశం. జి10బి, 993 సీసీ, నాలుగు సిలిండర్లు, బ్లాకు కూడా అల్యూమినియమే. 1998 నాటి శాంత్రోది 999 సీసీ, తర్వాత వచ్చిన శాంత్రో జింగ్‌ది 1086. "శాంత్రో ఇంజనే కదా" అని గుజరీ నుంచి తెచ్చినదాంతో ఇబ్బంది పడేది అందుకే.

మరి చూసి పోల్చుకోవడం ఎలా? బానెట్ ఎత్తగానే ప్లగ్ వైర్లు లెక్కపెట్టాలి. మూడుంటే మూడు సిలిండర్లు, నాలుగుంటే నాలుగు. చిన్నపిల్లలు కూడా చేయగల పని, కానీ సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు చేసేవాళ్లు తక్కువ. తర్వాత గాలి ఎటు నుంచి లోపలికి పోతుందో చూడాలి. ఇంజన్ నెత్తిన చపాతీ డబ్బా లాంటి గుండ్రటి ఎయిర్ క్లీనర్ కూర్చుని, లోపల డ్యాష్‌బోర్డు దగ్గర చోక్ పిడి ఉంటే కార్బొరేటర్ బండి. దీన్నే చాలామంది మెకానిక్కులు 'కార్పొరేటర్' అంటారు. వార్డులో పని జరగాలన్నా, బండి కదలాలన్నా ఆయన కరుణ ఉండాల్సిందే కాబట్టి ఆ పేరు మరీ తప్పేమీ కాదు. గుండ్రటి డబ్బా లేకుండా, హెడ్ పక్కన ఒక సన్నటి లోహపు గొట్టం, దాని నుంచి సిలిండర్‌కు ఒకటి చొప్పున దిగిన ఇంజెక్టర్లు, వాటికి కరెంటు ప్లగ్గులు కనిపిస్తే అది ఎంపీఎఫ్ఐ.

వీటన్నిటికన్నా గట్టి సాక్ష్యం బ్లాకు మీద కొట్టిన ఇంజన్ నంబరు. మారుతి బండ్లలో ఆ నంబరు మొదటి అక్షరాలే ఇంజన్ రకం చెబుతాయి. ఎఫ్8బి, ఎఫ్8డి, ఎఫ్10డి, జి10బి అని మొదలై, తర్వాత వరుస సంఖ్య ఉంటుంది. బ్లాకు మీద చదునుగా చేసిన చిన్న చోట దీన్ని కొడతారు. ఇరవై ఏళ్ల ఆయిల్ జిడ్డు, ఎర్రమట్టి కలిసి అక్కడ బెల్లంపాకంలా గట్టిపడి ఉంటుంది. కిరసనాయిలు గుడ్డతో నానబెట్టి, ఇత్తడి బ్రష్‌తో మెల్లగా రుద్దాలి. స్క్రూడ్రైవర్‌తో గీకకూడదు. గీకిన గీతలు రేపు ఆర్టీఓ ఆఫీసులో అనుమానానికి దారి తీస్తాయి. నంబరు బయటపడ్డాక దాని మీద సుద్దముక్క రుద్ది, పైపైన తుడిస్తే అంకెల గుంటల్లో తెలుపు నిలబడి చక్కగా చదవొచ్చు. అక్షరాలు వంకరగా, ఒకటి లోతుగా ఒకటి పైపైన ఉన్నా, చుట్టూ గ్రైండర్ తిప్పిన ఆనవాళ్లున్నా ఆ బండి జోలికి పోకపోవడం మేలు.

ఛాసిస్ నంబరు వేరు, ఇంజన్ నంబరు వేరు. ఛాసిస్ నంబరు పదిహేడు అక్షరాలుంటే మొదటి మూడు అక్షరాలు తయారీదారుడివి. మారుతికి ఎంఏ3, హ్యుందాయ్‌కి ఎంఏఎల్. ఇది బాడీ కథ చెబుతుంది గానీ ఇంజన్ కథ చెప్పదు. ఇరవై ఏళ్లలో ఆ బాడీలోకి ఏ ఓమ్నీ ఇంజనో వచ్చి కూర్చుని ఉండొచ్చు. ఓమ్నీదీ 796 సీసీ ఎఫ్8బి కాబట్టి ఎయిట్ హండ్రెడ్ ఇంజన్ పోయినప్పుడు చాలామంది కళ్లు దాని మీదే పడతాయి. బండి నడుస్తుంది. ఆర్సీలో నంబరు మాత్రం పాతదే ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఇంజన్ మారిస్తే ఆర్సీలో ఎక్కించుకోవాలి. ఎక్కించుకోనివాడికి ఆ సంగతి గుర్తొచ్చేది ఇన్సూరెన్స్ క్లెయిమ్ రోజున.

ఇంజన్ తిరిగే వరసకు సరిగ్గా వాల్వులు తెరిపించే టైమింగ్ బెల్టు గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పైన చెప్పిన ఎఫ్ రకాలకూ, జి10బికీ, పాత శాంత్రోకూ చైన్ ఉండదు, రబ్బరు బెల్టే. తర్వాత కాలంలో వచ్చిన కె10బి ఇంజన్‌కు చైన్ ఉంది. "మా తమ్ముడి కారుకు ఇన్నేళ్లూ బెల్టు మార్చనే లేదు" అనే మాట వెనక చాలాసార్లు ఉండేది ఈ తేడానే. తమ్ముడి కారుకు అసలు బెల్టే లేదు. రబ్బరుకు కిలోమీటర్లతో పాటు ఏళ్లూ లెక్కే. ఏడాదికి మూడు వేలు కూడా తిరగని కారు అయినా, పదేళ్ల నాటి బెల్టు మీద నమ్మకం పెట్టుకోకూడదు. కవర్ విప్పి బెల్టును వేళ్లతో వెనక్కి వంచితే పళ్ల మొదళ్లలో సన్నటి బీటలు కనిపిస్తాయి. మార్చేటప్పుడు బెల్టును బిగువుగా పట్టి ఉంచే టెన్షనర్ బేరింగ్ కూడా మార్చాలి. అది మార్చకపోతే ఆ టెన్షన్ ఓనర్‌కు మిగులుతుంది.

రేడియేటర్‌లో కడప బండ

ఇప్పుడు నీళ్ల సంగతి. ఈ జిల్లాల్లో బోరు నీళ్లతో ఎసరు పెట్టిన గిన్నె అడుగు ఎలా ఉంటుందో ప్రతి ఇంట్లోనూ తెలుసు. నీళ్లు కాచే అండా అడుగున గోరుతో గీకినా రాని తెల్లటి పొర. గీజర్ కాయిల్ మీద పెంకులు. నేలలోని సున్నపురాయిని తాకి వచ్చిన నీటిలో కాల్షియం బైకార్బొనేట్ కరిగి ఉంటుంది. వేడి తగలగానే అది విడిపోయి కాల్షియం కార్బొనేట్‌గా గట్టిపడుతుంది. నేల మీద పరిచే కడప బండ, బేతంచెర్ల బండ ప్రధానంగా ఏ పదార్థమో ఇదీ అదే. బోరు నీళ్లు పోసిన ప్రతిసారీ రేడియేటర్‌లో, హెడ్ లోపలి నీటి దారుల్లో సన్నటి కడప బండ పరుస్తున్నట్టే లెక్క.

ఆ పొర ఎంత పలచగా ఉన్నా చేటే. అల్యూమినియం వేడిని ఎంత వేగంగా దాటిస్తుందో, సున్నపు పొర అందులో దాదాపు వందో వంతే దాటిస్తుంది. నీళ్లు నిండుగానే ఉంటాయి, ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది, కానీ వేడి నీటిదాకా చేరదు. మైదానం రోడ్డు మీద అరవైలో పోతున్నంతసేపు ఏమీ తెలియదు. ఘాట్‌లో రెండో గేరులో, నలుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, బయట నలభై రెండు డిగ్రీలు. అప్పుడు టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది. బోరు నీటిలో ఉప్పు కూడా ఉంటే ఇంకో నష్టం ఉంది. అది అల్యూమినియాన్ని తింటుంది. హెడ్ దించినప్పుడు నీటి రంధ్రాల అంచులు చెదలు కొట్టినట్టు కనిపించేది అందుకే.

కూలెంట్ అంటే రంగునీళ్లు అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆకుపచ్చా, ఎరుపా, నీలమా అన్నది కేవలం రంగు. పనిచేసేది లోపలి గ్లైకాల్, తుప్పు పట్టకుండా కలిపిన మందు. గ్లైకాల్ సగం, మంచినీళ్లు సగం కలిపితే మరిగే స్థానం కొన్ని డిగ్రీలు పైకి పోతుంది. ఇక్కడ మంచినీళ్లంటే తాగే నీళ్లు కాదు, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్. అసలైన సాయం రేడియేటర్ మూత చేస్తుంది. మూత మీద 0.9 అని రాసి ఉంటే లోపల అంత ఒత్తిడి నిలబెడుతుందని అర్థం. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా వందకు బదులు 118 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మూత రబ్బరు ఎండిపోయి బీటలిస్తే ఆ 18 డిగ్రీల అవకాశం పోతుంది. తక్కువ ఖర్చుతో పోయే మూత మార్చకుండా రేడియేటర్ మొత్తం మార్చేయించినవాళ్లు ఉన్నారు.

ఇక మన మెకానిక్ షెడ్లలో బాగా పాతుకుపోయిన అలవాటు ఒకటుంది: ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని థర్మోస్టాట్ అనే వాల్వును పీకి పారేయడం. "మన ఎండలకు అది ఎందుకన్నా, చల్లటి దేశాలకు పెట్టింది" అంటారు. ఈ మాటను పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు. సగం పూడుకుపోయిన రేడియేటర్‌లో థర్మోస్టాట్ తీసేస్తే నీటి దారి కాస్త వెడల్పవుతుంది, ముల్లు కొంత దిగుతుంది. మూడు వందల కన్నా ఎక్కువ ఖర్చు పెట్టనని ముందే చెప్పిన కస్టమర్‌కు అంతకన్నా ఏం చేయగలడు? కానీ జబ్బు అలాగే ఉంది, జ్వరం కనిపించకుండా పోయింది, అంతే. థర్మోస్టాట్ ఉండేది ఇంజన్ తొందరగా 80 డిగ్రీల పైకి చేరి అక్కడ నిలకడగా ఉండడానికి. అది లేని ఎంపీఎఫ్ఐ బండిలో నీళ్లు ఇంకా చల్లగా ఉన్నాయని సెన్సర్ చెబుతూనే ఉంటుంది, కంప్యూటర్ పెట్రోల్ ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి. ఇంజన్ పూర్తిగా వేడెక్కదు కాబట్టి ఆయిల్‌లో చేరిన తేమ ఆవిరై పోదు. ఆయిల్ మూత విప్పితే లోపల పాల కాఫీ మీద మీగడలా పేరుకుని కనిపిస్తుంది.

ఈ మీగడ దగ్గరే పొరపాటు పడేది. హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు ఆయిల్‌లో కలిసినా ఇదే రంగు వస్తుంది. అందుకని మూత చూసి వెంటనే హెడ్ దించమనకూడదు. ఆయిల్ స్టిక్ బయటికి లాగి చూడాలి. స్టిక్ మీద ఆయిల్ శుభ్రంగా ఉండి మూతకు మాత్రమే మీగడ ఉంటే అది తేమ. స్టిక్ మీద కూడా కాఫీ రంగే ఉంటే అప్పుడు గ్యాస్కెట్‌ను అనుమానించాలి. ఇంకో పరీక్ష పొద్దున్నే చేయాలి. ఇంజన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, సెల్ఫ్ కొట్టి, నీళ్లలోకి తొంగిచూడాలి. మొదట రెండు మూడు బుడగలు వచ్చి ఆగిపోతే లోపల చిక్కుకున్న గాలి. యాక్సిలరేటర్ నొక్కిన కొద్దీ సోడా కొట్టినట్టు బుడగలు వస్తూనే ఉంటే సిలిండర్‌లోని గ్యాసు నీళ్లలోకి తోస్తోంది. వేడి మీద మాత్రం ఈ మూత ముట్టుకోకూడదు. ముఖాలు కాలినవాళ్లు ఉన్నారు.

ఎఫ్8 రకంలో బ్లాకు పోత ఇనుము, పైన హెడ్ అల్యూమినియం. వేడికి ఇనుము కన్నా అల్యూమినియం ఎక్కువ సాగుతుంది. మామూలు వేడిలో ఆ తేడాను గ్యాస్కెట్ భరిస్తుంది. మరిగిపోయిన ఇంజన్ మీద చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్ ఒక్కసారిగా ముడుచుకుని వంకరపోతుంది. తర్వాత లేత్‌కు పంపి హెడ్ అడుగు చదును చేయించాలి, అదే ఫేసింగ్. ఒకసారి, మహా అయితే రెండుసార్లు. ప్రతి ఫేసింగ్‌కూ హెడ్ మందం తగ్గుతుంది, దానికీ ఒక హద్దుంది. ఘాట్‌లో ఆగినప్పుడు చేయాల్సింది చాలా తక్కువ. ఏసీ ఆపి, బండి నీడకు తీసి, బానెట్ ఎత్తి, కనీసం ముప్పావుగంట ఏమీ చేయకుండా ఉండడం. గువ్వలచెరువులో ఆ ముప్పావుగంట గడపడానికి కోవా ఎలాగూ ఉంది.

ఫ్యాన్ విషయం రెండు మాటల్లో చెప్పొచ్చు. నీళ్లు వేడెక్కినప్పుడు ఫ్యాన్ వేసే థర్మో స్విచ్ పోతే కొత్తది వేయకుండా ఎలక్ట్రీషియన్ ఫ్యాన్‌ను తాళానికి డైరెక్ట్ చేస్తాడు. తాళం తిప్పగానే ఫ్యాన్ తిరుగుతుంది, అందరికీ ధైర్యంగా ఉంటుంది. ఆ మోటారు అరిగి ఒకరోజు ఆగిపోతుంది. ఆ రోజు ఎండాకాలంలోనే వస్తుంది. రేడియేటర్ లోపల ఎక్కడ పూడిందో తెలుసుకోవడానికి గన్ థర్మామీటర్ బాగా పనికొస్తుంది. వేడి మీద రేడియేటర్ అంతటా చూపిస్తూ పోతే, పూడిన చోట అంకె ఒక్కసారిగా పడిపోతుంది. కరోనా కాలంలో నుదుటికి పెట్టిన గన్ మాత్రం దీనికి పనికిరాదు. అది మనిషి ఒంటి వేడి వరకే చూపిస్తుంది.

దుమ్ము, పొగ

ఎర్రగుంట్ల, తాడిపత్రి వైపు సిమెంటు ఫ్యాక్టరీల దారుల్లోనూ, నంద్యాల నల్లరేగడి చేలగట్ల మీదా తిరిగే కారుకు కంపెనీ బుక్కులో రాసిన ఎయిర్ ఫిల్టర్ గడువు సగానికి పడిపోతుంది. కాగితం ఫిల్టర్‌ను పెట్రోల్‌లో ముంచి కడిగితే కాగితం రంధ్రాలు సాగుతాయి. లోపలి నుంచి బయటికి తక్కువ గాలి కొట్టడం వరకు పర్లేదు. కార్బొరేటర్ బండ్లలో ఫిల్టర్ కన్నా డబ్బా కింది రబ్బరు వాషర్ ముఖ్యం. అది లేకపోతే దుమ్ము ఫిల్టర్‌ను తాకకుండానే నేరుగా సిలిండర్ బోరులోకి పోతుంది. రెండు వర్షాకాలాల్లో పిస్టన్ రింగులు అరిగిపోతాయి.

రింగులు అరిగాయా, వాల్వ్ సీళ్లు పోయాయా అన్నది పొగను బట్టి కొంత చెప్పొచ్చు. రాత్రంతా ఆగిన బండి పొద్దున సెల్ఫ్ కొట్టగానే ఒక్క గుప్పెడు నీలి పొగ వదిలి శుభ్రపడితే సీళ్లు. ఘాట్ దిగుతూ కాలు తీసి మళ్లీ నొక్కినప్పుడు గుప్పున వచ్చినా సీళ్లే కావచ్చు. ఎక్కుతున్నంతసేపు వెనక బండివాడికి ముందు బండి కనిపించనంత నీలి పొగ వస్తే రింగులు, బోరు. నల్లపొగ పెట్రోల్ ఎక్కువ పోతోందని. ఎంతకూ తగ్గని తెల్లపొగ నీళ్లు కాలుతున్నాయని. చలికాలం పొద్దున వచ్చే తెల్లటి ఆవిరి చూసి భయపడక్కర్లేదు.

పొగ మీద మాత్రమే ఆధారపడి 'ఫుల్ ఇంజన్ పని' చేయించుకోవడం తొందరపాటు. ముందు కంప్రెషన్, అంటే సిలిండర్ లోపల గాలి ఎంత ఒత్తిడికి బిగుస్తుందో, చూడమని అడగాలి. చూడనంటే వేరే షెడ్డుకు పోవాలి. ప్లగ్గులన్నీ తీసి, గేజ్ పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి సెల్ఫ్ కొడితే ఒక్కో సిలిండర్ బలం బయటపడుతుంది. మూడు సిలిండర్లలో వరుసగా 12, 12, 8 వచ్చాయనుకుందాం. మొదటి రెండూ బాగున్నట్టే. మూడోదాని ప్లగ్ రంధ్రంలో చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొట్టాలి. ఈసారి 8 కాస్తా 11 అయితే రింగుల సందులను ఆయిల్ మూసిందని, అంటే లోపం కింద ఉందని. 8 దగ్గరే ఉండిపోతే లోపం పైన, వాల్వుల్లోనో గ్యాస్కెట్‌లోనో ఉంది. అప్పుడు హెడ్ దించితే చాలు, కింద ముట్టుకోవాల్సిన పనే లేదు. పావుగంట పరీక్ష ఇది. దీనివల్ల ఆదా అయ్యేది వేలల్లో ఉంటుంది.

వాల్వ్ క్లియరెన్స్, అంటే వాల్వు వేడికి సాగినా పూర్తిగా మూసుకునేలా వదిలే సన్నటి సందు, దాని సంగతి కూడా ఇంతే. టక్ టక్‌మని కొట్టే టాపెట్ శబ్దం వినడానికి ఇబ్బందే గానీ ఇంజన్‌కు పెద్దగా ప్రమాదం లేదు. అసలు శబ్దమే లేకుండా బిగించేసిన వాల్వులు ప్రమాదం. వేడికి సాగి, పూర్తిగా మూసుకోక, అంచులు కాలిపోతాయి. ఎల్పీజీ కిట్ పెట్టిన బండ్లలో ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. "శబ్దం లేకుండా చేయి" అని మెకానిక్‌ను సతాయించే ఓనర్లు ఇది గుర్తుంచుకుంటే బాగుండు. ఆయిల్ విషయానికి వస్తే, ఎఫ్8 ఇంజన్‌కు పట్టేది మూడు లీటర్లు ఉంటే ఎక్కువ. ఆ మూడు లీటర్లను అయిదు వేల కిలోమీటర్లకు ఒకసారి మార్చేవాడికి 20డబ్ల్యూ40 ఏ పేరుగల కంపెనీది అన్న చర్చ అక్కర్లేదు.

పెట్రోల్ మారింది, కార్బొరేటర్ మారలేదు

ఈ కార్లు తయారైనప్పటి పెట్రోల్ ఇప్పుడు బంకుల్లో లేదు. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోల్ వచ్చింది. 2023 నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ మొదలై క్రమంగా అన్నిచోట్లా అదే అయింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ. అందులో 20 శాతం కలిస్తే లీటరుకు ఆరేడు శాతం మైలేజీ తగ్గడం లెక్క ప్రకారమే. అంతకన్నా ఎక్కువ తగ్గితే తప్పు ఇథనాల్‌ది కాదు, ఇంజన్‌లో వెతకాలి.

ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి కార్బొరేటర్‌లో పెట్రోల్ వచ్చే రంధ్రం, అంటే జెట్, అదే సైజులో ఉంటే గాలితో కలిసే పెట్రోల్ మిశ్రమం పలచబడుతుంది. పొగగొట్టంలో ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఎంపీఎఫ్ఐ బండి ఆ తేడాను కనిపెట్టి కొంత సరిచేసుకుంటుంది. కార్బొరేటర్‌కు ఆ తెలివి లేదు. పొద్దున స్టార్టింగ్ ఇబ్బంది, ఎక్కుడులో జట్కాలు, ఇంజన్ కాస్త వేడెక్కడం మొదలవుతాయి. ఒకే పేరున్న రెండు ఎయిట్ హండ్రెడ్లకు ఒకే పెట్రోల్ పోసినా ఒకడు బాగుందని, ఒకడు బాగాలేదని చెప్పేది ఇందుకే. పాత రబ్బరు పైపులు, పంపు లోపలి పొర, కార్బొరేటర్ వాషర్లు కూడా ఇథనాల్‌కు ఉబ్బి మెత్తబడతాయి. పైపును వేళ్లతో నొక్కినప్పుడు జిగటగా అనిపించినా, పెట్రోల్ వాసన వచ్చినా ఆ రోజే మార్చాలి. వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారితే ఏమవుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, నీళ్లు అడుగున చేరతాయి. నెలకు రెండుసార్లయినా పదేసి కిలోమీటర్లు తిప్పాలి.

ఘాట్‌లో ఆగిన ప్రతి కారూ వేడెక్కి ఆగిందని అనుకోవడం కూడా పొరపాటే. కార్బొరేటర్ ఎయిట్ హండ్రెడ్‌కు పెట్రోల్ పంపు ఇంజన్‌కే బిగించి ఉంటుంది. ఇంజన్ వేడికి పంపులో, పైపులో పెట్రోల్ ఆవిరైపోతే పంపు ఎంత కొట్టినా పైకి చుక్క రాదు. టెంపరేచర్ ముల్లు మామూలుగానే ఉండి, బండి దగ్గి ఆగిపోతే, సెల్ఫ్ ఎంత కొట్టినా పలకకపోతే ఇదే అనుమానించాలి. పాతకాలం డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ చుట్టేవాళ్లు. ఇప్పటికీ దానికి మించిన మందు లేదు. రేడియేటర్ దగ్గర తడిగుడ్డతో నిలబడ్డ ఓనర్ ఒక అడుగు పక్కకు జరిగి ఆ గుడ్డను పంపు మీద వేస్తే పది నిమిషాల్లో బయల్దేరేవాడేమో.

కాగితాలు, బేరం

ఏపీ 21, ఏపీ 02, ఏపీ 04 నంబర్లతో మూడు జిల్లాల్లో తిరుగుతున్న ఈ కార్లలో చాలావాటికి మొదటి పదిహేనేళ్ల గడువు ఎప్పుడో దాటింది. తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. 2022 ఏప్రిల్ నుంచి కారుకు ఆ ఫీజు 5,000 రూపాయలైంది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. గ్రీన్ ట్యాక్స్ వేరే. బండి చూసేటప్పుడు నంబర్ల మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుంటారు. సుద్దతో చదివి పెట్టుకున్న నంబరు ఆ రోజు పనికొస్తుంది. పొల్యూషన్ పరీక్షలోనూ ఇంజన్ ఏదన్నది లెక్కలోకి వస్తుంది. పాత కార్బొరేటర్ బండికి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం దాకా వదులు ఉంది. భారత్ స్టేజ్ 2, 3 కాలుష్య ప్రమాణాల బండ్లకు 0.5 శాతమే. తయారీ తేదీ, రకం తప్పుగా ఎక్కిస్తే ఆరోగ్యంగా ఉన్న కార్బొరేటర్ బండి కూడా ఫెయిలవుతుంది.

ఇప్పుడు ఇలాంటి కారు కొనబోయేవాళ్లకు. అమ్మేవాడికి ముందే ఫోన్ చేసి "బండి కదిలించొద్దు, మేం వచ్చాకే స్టార్ట్ చేద్దాం" అని చెప్పి పొద్దున ఆరింటికి వెళ్లాలి. వెళ్లగానే బానెట్ మీద అరచెయ్యి పెట్టి చూడాలి. వెచ్చగా తగిలితే, సెల్ఫ్ కష్టమో, నీలి పొగో, బుడగలో, ఏదో ఒకటి దాచడానికి ముందే వేడి చేసి పెట్టారన్నమాట. టీ తాగి, ఇంకో రోజు వస్తామని చెప్పి వచ్చేయొచ్చు. చల్లగా ఉంటే రేడియేటర్ మూత తీసి వేలు ముంచాలి. వేలికి ఎర్రటి తుప్పు బురదో, తెల్లటి సున్నపు పొడో అంటితే రేడియేటర్, హెడ్ ఖర్చు బేరంలో తీసేసి అడగాలి. వేలు జారుడుగా, రంగుగా వస్తే ఆ ఇంట్లో ఎవరో ఆ బండిని చూసుకున్నారు. అప్పుడు ప్లగ్ వైర్లు లెక్కపెట్టడం మొదలుపెట్టొచ్చు.